కోటు చేతులు పొట్టివైన సంగతి

ఏమండీ,

మీకు నమస్కరించి రాస్తున్నాను. మీ ఉత్తరం అంది చాలా రోజులైంది, జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకండి. మీ దగ్గు తగ్గిందని, కొత్తగా ఇచ్చిన గదికి కిటికీ ఉందని చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ అత్తయ్య బాగున్నారు. పాప బాగుంది. మీ కుట్టుమిషన్ కూడా మొన్న నూనె వేశాక కిక్కురుమనకుండా నడుస్తోంది. వంటింటి కిటికీ పక్క గోడకు మళ్లీ చెమ్మ పట్టి సున్నం ఊడుతోంది. దానికి తొందరేమీ లేదు.

మీరు మూడు సంగతులు అడిగారు. పాప లెక్కల్లో ఎలా ఉందని ఒకటి. నా కోటు చేతులు పొట్టిగా ఎందుకు వచ్చాయని రెండు. బట్టల ఫ్యాక్టరీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, సంతకం పెట్టమంటావా వద్దా అని మూడు. నెలాఖరులోగా వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలని, నేను ఎలా అంటే అలా చేస్తానని రాశారు. అంత బరువు నా నెత్తిన పెట్టి మీరు హాయిగా కూర్చున్నారు. సరే, ఒక్కొక్కటే చెప్తాను, కాస్త నా దారిన నన్ను చెప్పనివ్వండి. ఫోన్లో మాట్లాడదామంటే మీ గదిలో ఎప్పుడూ నలుగురుంటారు, ఇక్కడేమో అత్తయ్య ఒక పక్క, పాప ఒక పక్క చెవి ఒగ్గి కూర్చుంటారు. ఇప్పుడు పాప బడికి వెళ్లింది, అత్తయ్య భోజనం చేసి కునుకు తీస్తున్నారు. మీ కటింగ్ బల్ల మీద కాగితం పరుచుకుని రాస్తున్నాను.

ముందు పాప సంగతి. భిన్నాలంటే దానికి ఇప్పటికీ నిద్ర ముంచుకొస్తుంది. శాతాలు మాత్రం బాగా పట్టుకుంది. మీరు బట్టలకు కత్తిరింపు గీతలు గీసి పంపే పాటర్న్ కాగితాలు ప్రింటు తీసి తెచ్చాక అంచులు కత్తిరించి, గుర్తుకు గుర్తు కలిపి, అన్నిటినీ ఒకే షీటుగా అంటించేది అదే. నన్ను ముట్టుకోనివ్వదు. నాలుక కొసన పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, అచ్చం మీలాగే అతికిస్తుంది. ఈ బుద్ధి లెక్కల పుస్తకం మీద ఎందుకు ఉండదని వాళ్ల టీచర్ అడిగారు. అంతా నా కొడుకు పోలికేనమ్మా, ఏం చేస్తాం అని అత్తయ్య అన్నారు.

అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు మామూలే. మీ మీద మాత్రం గుర్రుగా ఉన్నారు. 'నాకు రాయాలంటే వాడికి నాలుగు ముక్కలు రావు, ఆ ప్రింటర్ గురించి రాయాలంటే నాలుగు పేజీలు వస్తాయి' అంటున్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఈ ఏడాది మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ ముందేసుకుని చూస్తే, నన్ను ఎలా ఉన్నావని అడిగిన దానికన్నా ఆ ప్రింటర్‌లో స్కేలింగ్ దగ్గర నూటికి ఎంత ఉందని అడిగిందే ఎక్కువ.

ఇక ఆ స్కేలింగ్ సంగతికే వస్తున్నాను. మొదటినుంచీ చెప్తాను, మీకు తెలిసిందే అయినా ఓపిగ్గా చదవండి.

మొదట వచ్చింది ఎండాకాలం ముందు మీరు పంపిన గౌను పాటర్న్. మీరు వెళ్లాక నేను మీ చేతి బట్ట వేసుకోవడం అదే మొదలు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా బట్టలకు మీరు టేపు పట్టింది లేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి చూసి, అంతే, నీ కొలతలు నాకు కంఠతా వచ్చేశాయి అన్నారు. అన్నట్టుగానే ఇన్నేళ్లూ కత్తిరించారు, నేను కుట్టుకున్నాను, ఒక్కటీ మళ్లీ విప్పి కుట్టాల్సిన పని పడలేదు. ఆ కంఠతా కొలతలతోనే అక్కడి కంప్యూటర్లో గౌను గీసి, మన వీధి చివర ప్రింటు షాపుకు పంపారు. ఆ షాపాయన్ని పాప జామ్ బాబాయి అంటుంది కదా, ఆయన మిషన్లో కాగితం ఇరుక్కోని రోజు ఉండదు కాబట్టి. ఆయన ప్రింటు తీసిచ్చాడు, పాప అతికించింది, నేను కుట్టాను. ఒంటికి అతికినట్టు సరిపోయింది. అదే మీకు రాశాను. మీరెంత మురిసిపోయారో మీ జవాబులో అక్షరాల సైజు చూస్తేనే తెలిసింది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. మొదటి కాగితం మీద మీరు గీసే చదరం ఉంది చూశారా, ఎటు కొలిచినా పది సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే ప్రింటు తప్పొచ్చినట్టే అని మీరు చెప్పేది, అది కొంచెం పొట్టిగా ఉందని పాప కనిపెట్టింది. నేను నిజాయితీగా ఆ ముక్క కూడా రాశాను. ఇంకేముంది, మీకు ముక్కు మీద ఉండే కోపం కలం మీదికి దిగింది. చదరం తగ్గితే గౌను బిగుతుగా రావాలి, సరిపోయిందంటే కుట్టుకు వదిలిన గుడ్డలో నువ్వు దొంగతనం చేశావన్నమాట, నా పాటర్న్ ఇచ్చింది ఇచ్చినట్టు కుట్టడం నీకు చేతకాదు అని రాశారు. నాకూ రోషం వచ్చింది. నేనేమీ తగ్గించి కుట్టలేదని రాశాను. రాశానే గానీ, ఏమో, చెయ్యి అలవాటులో తగ్గించానేమో అని నాకూ అనుమానం వచ్చింది. విప్పి చూసుకున్నాను కూడా. కుట్టు సరిగ్గా మీరు గీసిన గీత మీదే ఉంది.

తర్వాత నాకే చొక్కా పాటర్న్ పంపారు. దానితో పాటు ఆ నాలుగు పేజీలు. ప్రింటు నొక్కగానే వచ్చే చోట 'ఫిట్' అన్నది తీయించి 'యాక్చువల్ సైజ్' పెట్టించు, అక్కడితో ఆగకు, ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అక్కడా చూడు, కాగితం సైజు ఏ-ఫోర్ ఉండాలి, లెటర్ అని ఉంటే అది ఏ-ఫోర్ కన్నా పొట్టి కాగితం, మార్పించు, స్కేలింగ్ వంద ఉండాలి, పైన వంద ఉండి లోపల తక్కువ ఉంటే మిషన్ లోపలి మాటే వింటుంది. ఇదంతా నేను జామ్ బాబాయికి చదివి వినిపించాను. ఆయన మొహం కందగడ్డ అయింది. టైలర్ మాస్టర్ గారినే వచ్చి ఈ కుర్చీలో కూర్చోమనండి, నేను వెళ్లి అక్కడ గుడ్డలు కత్తిరిస్తాను అన్నాడు. మీకు కోపం, ఆయనకు కోపం, మధ్యలో నేను. కంప్యూటర్ చెప్పే మాటను ప్రింటర్‌కు తెలిసే మాటల్లో చెప్పేదే డ్రైవర్ అని మీరు రాశారే, ఆ లెక్కన మీ ఇద్దరికీ డ్రైవర్ని నేనే అయ్యాను.

గొణుగుతూనే అన్నీ తెరిచి చూశాడు పాపం. తీరా చూస్తే తప్పు మీరు చెప్పిన చోటే దొరికింది. ఆ ప్రింటర్‌కు సంబంధించిన డ్రైవర్ ఎప్పుడో పోతే, దాని దగ్గరి మోడల్‌ది తెచ్చి వేసి నడిపించేస్తున్నాడట. అది ఏ కాగితం పెట్టినా లెటర్ సైజనే అనుకుని, బొమ్మను దానికి పట్టేలా నొక్కేస్తోంది. వచ్చిపోయే కాగితాలు అర్జీలు, హాల్ టికెట్లు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఆయన ఆ డ్రైవర్ని పూర్తిగా తీసేసి, అసలుది వెతికి పట్టుకుని వేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించాడు. చదరం కొలిస్తే పది అంటే పదే. స్కేలు తనే పెట్టి, తనే చూసి, నాకు చూపించి, ఈ సంగతి మాస్టర్ గారికి తప్పకుండా రాయండమ్మా అన్నాడు. రాశాను.

చొక్కా కుట్టాను. వదులుగా వచ్చింది. కొయ్యకు తగిలించినట్టు భుజాల మీద వేలాడింది. అదీ రాశాను. మీరు వెంటనే, అయితే ఇప్పుడు పెద్దది చేస్తోంది, 'బార్డర్‌లెస్' అని ఎక్కడో టిక్కు ఉండి ఉంటుంది, అది ఉంటే అంచులదాకా సాగదీస్తుంది, తీయించు అని రాశారు. వెళ్లాం. టిక్కు లేదు. మొదటి కాగితం ఒక్కటే మళ్లీ మళ్లీ ప్రింటు తీయించాను. ఇనుప స్కేలుతో కొలిచాను, మన టేపుతో కొలిచాను, షాపాయన కొడుకు జామెట్రీ పెట్టెలో స్కేలుతో కూడా కొలిచాను. అన్నిసార్లూ చదరం సరిగ్గానే ఉంది. ఆ కాగితాలు చేత్తో పట్టుకుని ఆ షాపు బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. ఇంటికొచ్చి మీకు, అవునండీ, ఆ టిక్కే ఉంది, తీయించాం, ఇప్పుడు బాగుంది అని రాశాను.

అది అబద్ధం. మీకు నేను రాసిన మొదటి అబద్ధం అదే.

తర్వాత చలికి కోటు గీసి పంపారు. అది బ్రహ్మాండంగా సరిపోయిందని రాశాను. పాప ఫోటో తీసి పంపింది. అక్కడే దొరికిపోయాను. నా మొహం వంక చూశారో లేదో తెలియదు గానీ, మీ చూపు తిన్నగా మణికట్టు మీదికే పోయింది. ఒళ్లు సరిగ్గా కూర్చుంది, భుజం కాస్త లోపలికి పట్టేసింది, చేతులు మాత్రం మణికట్టు బయటపడేంత పొట్టిగా ఉన్నాయి, ఇదేం విడ్డూరం అని రాశారు. ప్రింటర్ నిలువులో ఒకలా అడ్డంలో ఒకలా లాగుతోందేమో, కాగితం జారుతోందేమో, డ్రైవర్‌లో అదేదో సరిచేసే చోటు ఉంటుంది చూడమను అని మళ్లీ రెండు పేజీలు. చివర సరదాగా ఒక మాట రాశారు. 'ఎముక పొడవు మారదు కదే, ఈ వయసులో నీకు చేతులేమైనా పెరుగుతున్నాయా?' అన్నారు.

ఆ మాట దగ్గర ఆగిపోయానండి. మీరు నవ్వుతూ రాశారని తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు.

ఎముక మారదు. మారింది ఎముక మీద ఉన్నది. పైన క్షేమసమాచారాల్లో అత్తయ్య పేరు రాశాను, పాప పేరు రాశాను, మిషన్ సంగతి కూడా రాశాను. నా మాట రాయలేదు. మీరు ఆ లోటు చూసుకోకుండా దాటిపోయి ఉంటారు. నా ఒంట్లో బాగాలేదు. చాలా కాలంగా బాగాలేదు. ఆ ప్రింటర్‌కు ఏ జబ్బూ లేదు. దాని చదరం పది, మీ పాటర్న్ సరైనది, జామ్ బాబాయి పని సరైనది. కొలత తప్పింది నేనే.

కడుపులో గడ్డ అన్నారు. మొదట్లో తిన్నది అరగడం లేదనుకుని మాత్రలు మింగాను. రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంటే, పోనీలే, కుదురుగా తింటున్నాను అనుకున్నాను. ఆ చొక్కా తర్వాత మీ కంఠతా కొలతల్ని పక్కన పెట్టి మొదటిసారి టేపుతో నన్ను నేను కొలుచుకున్నాను. ఎక్కడ పెట్టినా తగ్గింది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లాను. స్కానింగులు చేశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరమ్మ మంచి మనిషి. కోసి తీసే దశ దాటింది, కాలేయం దాకా పాకింది, నొప్పి తెలియకుండా చూసుకుంటాం అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. చలికాలం వెళ్లేదాకా ఉంటానా అని అడిగాను. 'కొందరు ఉంటారమ్మా' అంది.

మీ కోటు అప్పుడే వచ్చింది. వంద పెట్టి తీయిస్తే అందులో నేను ఎక్కడున్నానో కూడా కనిపించను. ఫోటో చూస్తే మీకు తెలిసిపోతుంది. అందుకే పాపను లెక్క అడిగాను. పాత చుట్టుకొలత ఇంత, కొత్తది ఇంత, నూటికి ఎంత అయినట్టు అని. అది గబగబా చేసి తొంభై రెండు అని చెప్పింది. ఎవరి కొలతమ్మా ఇది అని అడిగింది. ఒక కస్టమర్‌ది అన్నాను. 'పాపం, బాగా చిక్కిపోయిందే ఆవిడ' అని మళ్లీ తన పుస్తకంలో పడింది. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను.

జామ్ బాబాయి దగ్గరికి వెళ్లి స్కేలింగ్‌లో తొంభై రెండు పెట్టమన్నాను. ససేమిరా అన్నాడు.

"వందకు ఒక్కటి తగ్గినా మాస్టర్ గారు నా వేళ్లు విరగ్గొడతారమ్మా."

"కోటు నాకు సరిపోవాలన్నయ్యా. నేనిప్పుడు వందలో లేను."

ఆయన నా వైపు చూశాడు. రోజూ చూసే మనిషినే అయినా అప్పుడే చూసినట్టు చూశాడు. తెర మీద ఆ స్కేలింగ్ పెట్టె తెరిచి, వంద చెరిపి, తొంభై రెండు కొట్టాడు. కాగితాలు ఒక్కొక్కటే చేత్తో అందించాడు, ఆ రోజు ఒక్కటి కూడా ఇరుక్కోలేదు.

కాగితం మొత్తాన్ని తగ్గిస్తే చుట్టుకొలతతో పాటు చేతి పొడుగు కూడా తగ్గుతుందని నాకు తెలియక కాదండి. మీ పక్కన కూర్చుని ఇన్నేళ్లు కుట్టినదాన్ని, ఆమాత్రం తెలియదా? చేతుల కాగితాలు మాత్రం వందలో తీయించి ఉండాల్సింది. ఆ రోజు నాకు అంత ఓపిక లేదు. ఎలాగోలా ఫోటోలో నిండుగా కనిపిస్తే చాలనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మీకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. మొదటి గౌను సరిపోయింది చూడండి, అది సరిపోకుండా ఉండాల్సింది. అప్పటికే నేను కొంచెం తగ్గాను. ఆ తప్పుడు డ్రైవర్ కూడా మీ పాటర్న్‌ను సరిగ్గా అంతే తగ్గించింది. రెండు తగ్గుదలలూ కలిసి ఒకదాన్నొకటి దాచేశాయి. ఆ రోజు ప్రింటర్ సరిగ్గా ఉండి ఉంటే గౌను వదులుగా వచ్చేది, ఇదేమిటని అనుకునేవాళ్లం, అప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉండేదాన్నేమో. వెళ్తే ఏమయ్యేదో ఎవరికి తెలుసు! ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. కానీ జామ్ బాబాయికి దానంతట అదే తట్టింది. ఒక రోజు షాపు మధ్యలో మూసేసి మన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. 'ఆ పాత డ్రైవర్ వేసింది నేనేనమ్మా' అని అంత మగాడూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తయ్య ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. మీరు వచ్చాక ఆయన్ని ఒక్క మాట కూడా అనకండి. మీ కోపం నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను. కుట్టులో దొంగతనం చేశావని నన్ను తిట్టినందుకు మిమ్మల్ని మీరు కూడా తిట్టుకోకండి. ఆ తిట్టు నాకు ఇష్టమే. నా కుట్టు మీద మీకు అనుమానం వచ్చింది గానీ నా ఒంటి మీద రాలేదు.

అత్తయ్యకు నేను చెప్పలేదు. ఆవిడ నాకు కోటు గుండీలు పెడుతుంటే నా పక్కటెముకలు వేలికి తగిలాయట. గుండీలన్నీ పెట్టడం పూర్తి చేశారు. తర్వాత, 'వాడికి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా? నాకు అక్షరాలు కుదురుగా రావు, అవి కూడబలుక్కుని చదివేసరికే వాడి ప్రాణం పోతుంది' అన్నారు. ఆ రోజు నుంచీ నన్ను బల్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోనివ్వడం లేదు. అంట్లు కూడా తోమనివ్వరు. మోకాళ్లు పట్టుకుని ఆవిడే తోముతున్నారు, నేను కుర్చీలో కూర్చుని చూడాలి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఎందుకు దాచావని అడుగుతారు. మీరు వెళ్లిన మొదటి ఏడు ఒక ఉత్తరంలో రాశారు, గుర్తుందో లేదో. ఇక్కడ మేం మనుషులకు కత్తిరించం, సైజులకు కత్తిరిస్తాం, పొద్దస్తమానం ఎవరిదీ కాని ఒంటికి గీతలు గీసి గీసి మనసు మొద్దుబారిపోతుంది, అప్పుడు పని అయ్యాక అదే కంప్యూటర్లో నీ కొలతలతో ఏదో ఒకటి గీసుకుంటాను, కాసేపు ఇంట్లో ఉన్నట్టుంటుంది అని రాశారు. నేనది చాలాసార్లు చదువుకున్నాను. మీకు అక్కడ ఉన్న ఇల్లు అదొక్కటే. ఆ కొలతలు తప్పు, వాటిలో ఇప్పుడు ఎవరూ లేరు అని నా చేత్తో రాయలేకపోయాను. అక్కడైనా ఒకచోట నేను పాత నేనుగా ఉంటే బాగుండుననిపించింది. అది నా ఆశే గానీ మీ మేలు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక మూడో ప్రశ్న. మీ ఉత్తరం వచ్చిన రోజు, పెట్టేయండి, ఇంకో రెండేళ్లే కదా, పాప చదువుకు అండగా ఉంటుంది అని రాయడానికి కాగితం తీశాను. రెండు లైన్లు రాశాను కూడా. నేను పోయాకే మీకు తెలిసేలా చేస్తే మీకు మధ్యలో ఈ నరకం తప్పుతుంది కదా అనుకున్నాను. అత్తయ్య ఆ కాగితం చూసి నాతో మాట్లాడడం మానేశారు. ఆవిడ మాట్లాడకుండా ఉంటే ఇల్లు ఎంత చప్పగా ఉంటుందో మీకు తెలుసు. ఆ మౌనంలో నాకు నా మనసు వినిపించింది. నాకు భయంగా ఉందండి. ఇంత ధైర్యంగా రాస్తున్నాను గానీ, మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరూ మాట్లాడని వేళ చచ్చేంత భయంగా ఉంటుంది. మీరు పక్క గదిలో కత్తెర ఆడిస్తున్న చప్పుడు వింటూ పడుకోవాలని ఉంది. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

సంతకం పెట్టకండి. వచ్చేయండి. నెలాఖరుదాకా ఆగకండి. వాళ్లు ఏమన్నా పడండి, బతిమాలండి, పోట్లాడండి, మీ ఇష్టం.

వచ్చాక నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి. చూపించాల్సినవాళ్లకు చూపించాను, వాళ్లు చెప్పాల్సింది చెప్పారు. మీరు ఒక్కసారి డాక్టరమ్మతో మాట్లాడండి, మీ మనసు ఊరుకోదు కాబట్టి. ఆ తర్వాత ఇంట్లో ఉందాం.

పాపకు ఇంకా తెలియదు. అది ఇప్పటికీ ప్రింటర్‌నే తిడుతోంది. 'జామ్ బాబాయి మిషన్‌కు చేతులు కొలవడం రాదు' అని బడిలో అందరికీ చెప్పిందట. చలికి నా మణికట్లు వణుకుతున్నాయని తన పాత మేజోళ్ల కొసలు కత్తిరించి, నా చేతులకు తొడిగింది. దానికి చెప్పే పని ఒక్కదాన్నే చేయలేను. మీరు వచ్చాక ఇద్దరం చెరో పక్క కూర్చుని చెప్దాం. తర్వాత అది ఎవరి మీద కోపం తెచ్చుకున్నా, రెండో పక్కన ఒకరు ఉండాలి.

బయల్దేరే ముందు ఫోన్ చేయండి. బండి దిగే చోటికి పాపను తీసుకుని నేనే వస్తాను. అత్తయ్య వద్దంటారు, అయినా వస్తాను. మీరు కిందికి దిగి జనంలో నా కోసం చూస్తారు, మీ కళ్లకు అలవాటైన మనిషి కోసం చూస్తారు. పాప కనిపించి చెయ్యి ఊపుతుంది. దాని చెయ్యి పట్టుకుని ఎవరో ఒకావిడ నిలబడి ఉంటుంది. ఎవరో అనుకుని ఆవిడను దాటి చూడకండి. నేనే.

ఇట్లు,
మీ ఇల్లాలు